పండ్ల చాకు

ఆ రోజుల్లో మా ఆర్మూరులో ఒక ఇంట్లో వాడేసిన వస్తువు ఇంకో ఇంటికి చేరితే దాన్ని పాతది అనేవాళ్లు కాదు, దుబాయ్‌ది అనేవాళ్లు. చిల్లుపడ్డ దుప్పటయినా, మూత పోయిన ఫ్లాస్కయినా ఆ ఒక్క మాటతో మళ్లీ కొత్తదైపోయేది. ఎనభైల చివర్లో వేల్పూర్ దిక్కు నుంచి నేను ఆ ఊరికి కోడలిగా వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. మా ఆయన మార్కెట్ యార్డులో ఒక పసుపు సేటు దగ్గర తూకం చీటీలు రాసేవాడు. (ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా ఇంకా నలుగు పెట్టుకున్న పెళ్లికొడుకు చొక్కాల్లాగే ఉండేవి.) గోడకు అవతల మా మామగారి తమ్ముడి ఇల్లు. ఆ చిన్నమామ దుబాయ్‌లో ఉండేవాడు. ఇక్కడ చిన్నత్త ఒక్కతే. ఆయన అక్కడేం పని చేస్తాడని ఎవరైనా అడిగితే చిన్నత్త, "పెద్ద హోటల్. గదంత ఆయనే సూసుకుంటడు" అనేది. ఆ మాట మీద మా వాడంతా కలిసి ఆయన్ని మేనేజరును చేసేసింది.

నేను వచ్చిన నాలుగు నెలల్లోనే పాలు మూడుసార్లు పొంగించి, మా అత్త ఇష్టపడి దాచుకున్న గాజు జగ్గు ఒకటి పగలగొట్టి, కోడలిగా కొంత పేరు తెచ్చుకున్నాను. అయినా చిన్నత్తకు నేనంటే ఎందుకో మొదటి నుంచీ ఇష్టం. ఒకరోజు పాత తువాలులో చుట్టిన చాకు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు మొన్న కొత్తది పంపిండు బిడ్డా, గిది నువ్వు వెట్టుకో. మీ చిన్నమామ ఫస్టుసారి తెచ్చిన చాకు. పండ్ల చాకు. పండ్లు జర పైలం" అన్నది. మా దిక్కు చెట్టుకు కాసేవీ పండ్లే, నోట్లో ఉండేవీ పండ్లే. నేను చెట్టు పండ్లనే అనుకున్నాను. ఎవరికైనా జ్వరమొస్తే తప్ప మా ఇంట్లోకి పండ్లు వచ్చేవి కావు, అందుకే దానికంత జాగ్రత్త ఎందుకా అని మాత్రం కొంచెం ఆశ్చర్యపోయాను.

తువాలు విప్పి చూస్తే అంచు పొడుగునా గాట్లే. నాకు వెంటనే అర్థమైపోయింది (ఆ వయసులో నాకు ప్రతిదీ వెంటనే అర్థమైపోయేది). ఎండిన పసుపు కొమ్ము రాయికంటే గట్టిది. లోపలి రంగు చూద్దామని చాకుతో కొట్టామంటే చాకే విరుగుతుంది. చిన్నత్త ఈ చాకుతో పసుపు కొమ్ములు కొట్టి ఉంటుంది, కొట్టినప్పుడల్లా ఒక గాటు పడి ఉంటుంది. ఎంత శ్రద్ధగా పాడుచేసిందంటే గాట్లన్నీ ఒకే ఎడంలో, ఒకే లోతులో ఉన్నాయి. కొడవలికి కక్కులనే గాట్లుంటాయని తెలిసినదాన్నే, చాకుకు కూడా ఎవరైనా కావాలని పెడతారని మాత్రం తోచలేదు. బాగుచేయించి చూపిస్తే చిన్నత్త మురిసిపోతుందనుకున్నాను.

సైకిల్ మీద సానరాయి కట్టుకుని తిరిగే చాచా ఆ మరునాడే మా వాకిట్లోకి వచ్చాడు. చాకును వెలుగులో పెట్టి చూసి తల ఊపాడు. "గింత ఖరాబ్ ఎట్లయ్యింది బేటీ? గిన్ని గాట్లు వరుసగ ఎట్ల వడ్డయి?"

"మా చిన్నత్త చెయ్యి గసొంటిది చాచా, ఏది పట్టినా ఖరాబే" అన్నాను, నలుగురాడవాళ్లు వింటుండగా.

ఆయన చెమటలు కక్కుతూ, స్టాండు వేసిన సైకిల్‌ను గంటసేపు తొక్కి సాన పట్టాడు. అంచు గీత గీసినంత నున్నగా వచ్చింది. "ఒక్క గాటు లేకుంట తీసేసిన, సూసుకో" అని గర్వంగా నా చేతికిచ్చాడు. నేను అంతకంటే గర్వంగా తీసుకున్నాను.

సరిగ్గా నెలకు, సెలవు మీద ఊరికొచ్చిన మనిషి చేత చిన్నమామ క్యాసెట్టు వచ్చింది. అప్పట్లో దుబాయ్ నుంచి ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి పంపేవాళ్లు. రెండిళ్లవాళ్లం టేపురికార్డరు చుట్టూ కూర్చున్నాం. అందరినీ పేరుపేరునా అడిగి చివరికి ఆయన ఇలా అన్నాడు: "వచ్చే శుక్రవారం వస్తున్న. పెద్ద కేకు తెస్తున్న. గా పండ్ల చాకు కోడలికిచ్చిన అని నీ క్యాసెట్టుల అన్నవు గద, తెప్పించి పెట్టు. కొత్తదానికి పండ్లు లేవు. పండ్లు లేకుంటె కేకు తెగది, నలుగుతది." అందరూ కేకు అన్న మాట విని నవ్వారు. చాకుకు పండ్లుండటమేమిటో నాకప్పుడు తెలిసింది. వాటన్నిటినీ నేనే ఊడబీకించానని కూడా తెలిసింది. చాకు పోతే పోయింది, ఆమె చెయ్యి గసొంటిదని నలుగురిలో అన్న మాట చిన్నత్త చెవిన పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఆ రెండిళ్లలో నన్ను ఇష్టపడే మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు చాచా మా వీధి మలుపు తిరగడమే ఆలస్యం, ఎదురెళ్లి చాకు పట్టుకుని నిలబడ్డాను. "చాచా, పండ్లు మళ్ల పెట్టు."

ఆయన నన్ను, చాకును మార్చి మార్చి చూశాడు. "పోయిన పండ్లు నా తాన రావు బేటీ. గవి కావాల్నంటె నిజామాబాద్‌ల పండ్ల డాక్టర్ ఉన్నడు" అని బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక నేనే రంగంలోకి దిగాను. మా మామగారు కొడవళ్ల కోసం ఉంచుకున్న ఆకురాయి తీసి మధ్యాహ్నమంతా గీకితే నాలుగు గాట్లు పడ్డాయి. ఒకటి లోతు, ఒకటి వంకర, మిగతా రెండూ ఒకదాని మీద ఒకటి. అంతవరకు బాగున్న చాకు అప్పుడు నిజంగా పాడైంది.

శుక్రవారం రానే వచ్చింది. చిన్నమామ తెల్లచొక్కా వేసుకుని, అత్తరు ఘుమఘుమలతో దిగాడు. మా ఇంట్లోనే పళ్లెంలో కేకు పెట్టారు. "కోడలా, చాకు తే" అని చిన్నత్త కేకేసింది. నేను వంటింట్లోకి వెళ్లి, చాకు కొంగు కింద పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మంచినీళ్ల కోసం చిన్నమామ లోపలికి వచ్చి, నా మొహం చూసి చెయ్యి చాచాడు. ఇచ్చేశాను. ఇచ్చి సాన చాచా సంగతి, ఆకురాయి సంగతి, చిన్నత్తను అన్న మాట, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన బొటనవేలు అంచు మీద అడ్డంగా ఆనించి చూసి, గడప బండ మీద నీళ్లు చల్లి చాకును రుద్దడం మొదలుపెట్టాడు. తర్వాత పింగాణీ కప్పు ఒకటి బోర్లించి దాని అడుగున ఇటూ అటూ లాగాడు. బయటి నుంచి చిన్నత్త రెండుసార్లు పిలిచింది. గాట్లు దాదాపు పోయాయి. పదును చూడటానికి గంపలోంచి ఒక ఉల్లిగడ్డ తీశాడు. తీశాడన్నంతవరకే నాకు తెలుసు. ఆయన నా వైపు చూస్తూనే ఉన్నాడు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కాగితాలంత పలచటి ముక్కలు కుప్పగా పడ్డాయి.

"మామా, గిది యాడ నేర్చుకున్నరు?" అన్నాను.

ఆయన చేతిలోని చాకు ఆగింది. "తొమ్మిదేండ్ల సంది గిదే పని బిడ్డా. పొద్దుగాల్నే మూడు బస్తాల ఉల్లిగడ్డ కొయ్యాలె." గడప అవతలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చాకు సంగతి నేను ఎవ్వలకు చెప్ప. ఉల్లిగడ్డ సంగతి నువ్వు చెప్పకు. మీ చిన్నత్తకు అసలే చెప్పకు."

నేను తలూపాను. నా గుండెల మీది బండ దిగిపోయింది. ఆయన మొహం చూస్తే ఆయనదీ దిగినట్టే ఉంది.

ఆ హడావుడిలో చాకు కడగడం మర్చిపోయాం. "పండ్లేవి?" అని చిన్నత్త అడిగితే, "అరిగినయి. మనయి అరుగుతలేవా" అని చిన్నమామ కేకు కోశాడు. శుభ్రంగా తెగింది. ఉల్లిగడ్డ వాసన మాత్రం ముక్కముక్కకూ పట్టింది. మా మామగారు కళ్లు మూసుకుని నమిలి, "దుబాయ్ కేకంటె గిట్లనే ఉంటది" అని తేల్చేశారు. వచ్చినవాళ్లంతా అవునన్నారు.

ఆ రహస్యాన్ని నేను ముప్పై ఏళ్లకు పైగా కాపాడాను. చిన్నమామ దుబాయ్ మానుకుని వచ్చి ఇంటిపట్టున ఉన్నాక కూడా, మా ఆయనకు సైతం చెప్పలేదు. (ఇంట్లో నేను దాచగలిగిన మాట అదొక్కటే.) కిందటేడు చిన్నత్తకు పండ్ల సెట్టు పెట్టించడానికి నిజామాబాద్ తీసుకెళ్లాను. తిరిగి బస్సులో వస్తుంటే ఆమె కొత్త పండ్లతో నవ్వి, "గీ పండ్లన్న సాన పట్టియ్యకు బిడ్డా" అన్నది.

నేను ఉలిక్కిపడ్డాను. "నీకెట్ల తెల్సు చిన్నత్తా?"

"సాన చాచా గప్పుడే చెప్పిండు. నా చెయ్యి గసొంటిదని నువ్వన్న మాట గూడ చెప్పిండు."

ఆ సిగ్గులో నేను నోరు జారాను. "మరి ఉల్లిగడ్డ..."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఫస్టుసారి సెలవుకు వచ్చిన్నాడే తెల్సింది. అత్తరు మస్తు కొట్టుకొనొచ్చిండు గని, చేతులకున్న వాసన యాడికి పోతది? ఆయన చెప్పలే, నేను అడగలే."

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండిళ్ల పరువూ తన కొంగు కిందే ఉందనుకుని ఇన్నేళ్లు మోసిన ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను తలుచుకుంటే జాలేసింది. బస్సు దిగి ఇల్లు చేరేదాకా ఆనాటి కేకే కళ్లముందు మెదిలింది. అందరూ దుబాయ్ రుచి అని మెచ్చుకుంటుంటే, చిన్నత్త ఒక్కతే దుబాయ్ మాటెత్తకుండా ఇంకో ముక్క అడిగి మరీ తిన్నది.