పొద్దుతిరుగుడుకు ముందొచ్చిన దగ్గు

మార్కెట్ యార్డులో ఆమెకొక అసలు పేరుందన్న సంగతే అందరూ మరచిపోయారు. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ బస్తాలు మోసేవాళ్లకూ ఆమె మైకక్క. షెడ్ల మధ్య ఉన్న మేడ మీది గదిలో కూర్చుని, ఆ రోజు గింజల ధరలు మైకులో చదవడం ఆమె ఉద్యోగం. ముందు మొక్కజొన్న, తర్వాత జొన్న, సోయా, వేరుశనగ, నువ్వులు, చిట్టచివర పొద్దుతిరుగుడు. ఆకాశం ఊడిపడ్డా ఈ వరుస మారదు. నిన్నటి మీద ఏది ఎక్కిందో ఏది దిగిందో ఆమె నోటినుంచి ఊడిపడేదాకా కింద ఎవరికీ టీ కూడా గొంతు దిగదు. ఆ పూట బేరాలన్నీ ఆ ధర పట్టుకునే నడుస్తాయి మరి.

ఆమె గురించి ఆమెకు తెలియని సంగతి ఒకటి యార్డంతటికీ తెలుసు. ధర పడిపోయిన సరుకు పేరు చదవబోయే ముందు మైకక్క గొంతు సవరించుకుంటుంది. చిన్నగా, ఒక్కసారి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున ఆమె తండ్రి వేరుశనగ బస్తాలతో కిటికీ కిందే నిలబడి ఉన్నాడు. ఆ రోజే వేరుశనగ ధర పడింది. కన్నతండ్రికి ఆ కబురు మైకులో చెప్పాల్సి వచ్చేసరికి పిల్లకు గొంతు పూడుకుపోయింది. సవరించుకుని చదివింది. అదిగో, ఆనాడు పట్టుకున్న అలవాటు ఇప్పటికీ వదల్లేదు. చెబితే ఎక్కడ మానేస్తుందోనని ఎవరూ ఆమె చెవిన వెయ్యలేదు. గుండె దిటవు చేసుకోవడానికి అమ్మేవాళ్లకు ఆ కాస్త శబ్దం చాలు. హుషారైనవాళ్లు ఆ సందులోనే పక్కనున్న వ్యాపారికి సరుకు అంటగట్టాలని చూస్తారు. వ్యాపారి మాత్రం చెవిటివాడా, అతనూ ఓ మెట్టు దింపి అడుగుతాడు. మైకులో ఏం వినాల్సొస్తుందోనన్న భయంతో అమ్మేవాడు సరేనంటాడు.

ఇక్కడ సరేననడమంటే నోటితో కాదు. కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి కొనేవాడి అరచేతిలో పొయ్యాలి. పోస్తే బేరం కుదిరినట్టే. ఆ తర్వాత ధర రెట్టింపైనా, లబోదిబోమన్నా వెనక్కి తీసుకునేది లేదు.

ఆ రోజు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఇవాళ మీ మరిది సరుకు తెస్తున్నారు. నీకు పుణ్యముంటుంది, పొద్దుతిరుగుడు దగ్గర మాత్రం గొంతు సవరించకు."

"నా గొంతుకీ మీ సరుకుకీ ఏంటే సంబంధం?"

"నీకు తెలీదా?" అంది చెల్లెలు. ఇక దాచి లాభం లేదనుకుని మొత్తం చెప్పేసింది.

మైకక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా యార్డంతా తన గొంతు మీద ఓ చెవి వేసి ఉంచిందా? తను ధరలు చదువుతున్నాననుకుంటుంటే, వీళ్లు తననే చదువుతున్నారా? చచ్చినా ఇక గొంతు సవరించకూడదని అప్పటికప్పుడు ఒట్టు పెట్టుకుంది. చెల్లెలి భయమూ ఆమెకు తెలియనిది కాదు. ఈ పంట మంచి ధరకు పోతేనే కౌలు పొలం మరో ఏడాది చేతిలో ఉంటుంది. లేకపోతే మరిది మళ్లీ నూనె మిల్లుకు వెళ్లి బస్తాలు మోయాలి. అక్కడే ఒకసారి నడుం పట్టుకుపోయి నెలల తరబడి మంచాన పడ్డాడు. మళ్లీ బరువెత్తితే లేచి తిరిగే ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ఉన్న మాట చెప్పి పంపించాడు.

ఆ మరిదంటే మైకక్కకు మొదటినుంచీ చిన్నచూపే. ఈ సంబంధం వద్దని నెత్తీ నోరూ కొట్టుకుంది. మంచివాడే, కాదనలేదు. కానీ ఎంత నిదానమంటే, దాహమేస్తోందంటే దాహం తీరిపోయాక నీళ్లు తెచ్చే రకమని చెల్లెలి ముందే అనేది. చెల్లెలు నవ్వి ఊరుకునేది.

ఆ నిదానపు మనిషి ఆ రోజు పెందలాడే వచ్చి, కిటికీకి ఎదురుగా షెడ్డులో సరుకు కుప్ప పోసుకున్నాడు. పైకి చూసి చెయ్యెత్తాడు. మైకక్క కూడా చెయ్యెత్తింది. గది నిండా గింజల దుమ్ము, పైగా ముందురోజు నుంచీ ఆమెకు జలుబు. గొంతులో గరగర మొదలైంది. కూజా వంచి చూస్తే చుక్క నీళ్లు లేవు. తెమ్మందామంటే గదిలో మనిషి లేడు. ఈలోగా రోజూ ధరలు చెప్పే ఫోన్ మోగింది. అవతలినుంచి చెప్పిన ధరలు ఒక్కొక్కటే రాసుకుంది. పొద్దుతిరుగుడు ధర విని నమ్మలేక మళ్లీ అడిగింది. నిజమే. ఈ ఏడంతా ఎన్నడూ లేనంత ఎత్తుకు ఎక్కి కూర్చుంది.

మైకు నొక్కింది. మొక్కజొన్న ధర పడింది. గొంతు సవరించుకోబోయి చప్పున నాలుక కరుచుకుని, తిన్నగా అంకె చదివేసింది. కింద హాహాకారాలు. గుండెకు ఓ ముక్క చెప్పకుండా పిడుగు నెత్తిన వేసినందుకు మొక్కజొన్నవాళ్లు మొహాలు వేలాడేశారు.

"మైకక్కా, గొంతు పోయిందా ఏంటి?" అని ఎవరో కిందినుంచి అరిచారు.

జొన్న, సోయా, వేరుశనగ, నువ్వులు. ఒక్కొక్కటి చదువుతుంటే గొంతులో చీమలు పాకుతున్నట్టుంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంకొక్కటి, ఇంకొక్క సరుకు అని తనకు తనే చెప్పుకుంటూ ఊపిరి బిగబట్టింది. దగ్గును ఆపుకోవాలని చూసిన ప్రతివాళ్లకూ ఏం జరుగుతుందో ఆమెకూ అదే జరిగింది. పొద్దుతిరుగుడు అనబోయి నోరు తెరిచింది. పొద్దున్నుంచీ దిగమింగిన దగ్గంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

మామూలు దగ్గు కాదు. పేగులు మెలిపెట్టే దగ్గు. దాన్ని మైకు యార్డు నాలుగు మూలలకూ మోసుకుపోయింది. ఇక చూడాలి కింద. చిన్న సవరింపుకే పడిపోయే ధర, ఇంత దగ్గుకు ఏ పాతాళానికి పోయిందోనని పొద్దుతిరుగుడువాళ్లు కాళ్లకింద నిప్పులు పోసినట్టు పరుగులు పెట్టారు. వ్యాపారులు సగానికి సగం దింపి అడుగుతున్నారు. మైకక్క దగ్గుతూనే కిటికీలోంచి చూసింది. మరిది కుప్ప ముందు ఓ లావుపాటి వ్యాపారి అరచెయ్యి చాపి నిలబడ్డాడు. మరిది వంగి గుప్పెడు గింజలు తీశాడు.

ఆమె వద్దని అరవబోయింది, మాట రాలేదు. మైకు మీద వేలితో టకటకా కొట్టింది. దానికి కింద మరింత కంగారు పడ్డారు. చెయ్యి ఊపింది, ఎవరూ పైకి చూడలేదు. మళ్లీ దగ్గు తెర కమ్మింది. కళ్లు తుడుచుకుని చూసేసరికి మరిది అక్కడ లేడు. పొయ్యడమూ వెళ్లిపోవడమూ అయిపోయాయన్నమాట. జీవితంలో మొదటిసారి మనిషి చురుగ్గా కదిలాడు, అదీ ఇవాళే.

ఎప్పటికో గొంతు కాస్త దారి ఇచ్చింది. బొంగురుగా, ముక్కలు ముక్కలుగా పొద్దుతిరుగుడు ధర చదివింది. ఒకటికి రెండుసార్లు చదివింది. కింద ఒకటే గోల. లావుపాటి వ్యాపారి కుప్ప ముందు నిలబడి తల గోక్కుంటున్నాడు. సంతోషం పట్టలేక కాబోలు అనుకుంది మైకక్క. మైకు కట్టేసి బల్ల మీద తల వాల్చింది. చెల్లెలికి ఏ మొహంతో ఫోన్ చెయ్యాలి? నీ మొగుడి నడుం నేనే విరగ్గొట్టానని చెప్పాలా?

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తొందరేమీ లేని అడుగులు. మోచేత్తో తలుపు నెట్టుకుని మరిది లోపలికొచ్చాడు. ఒక చేతిలో మూత పెట్టిన స్టీలు చెంబు. రెండో చెయ్యి గుప్పిట బిగించి ఉంది.

"వేడినీళ్లు వదినా. కాగేదాకా టీకొట్టు దగ్గరే నిలబడ్డాను. ఈలోగా మీ దగ్గు తగ్గిపోయింది."

"సరుకు?" అంది ఆమె.

"కుప్ప అక్కడే ఉంది. ఆయన చెయ్యి చాపాడు, నేనూ పోద్దామనే తీశాను. మీరు మళ్లీ దగ్గారు. మనిషికి ఊపిరాడట్లేదు, ముందు నీళ్లు ఇచ్చొస్తానని ఆయనతో చెప్పి వచ్చేశాను."

"ధర పడిపోయిందని అందరూ పరిగెత్తుతుంటే నీకు భయం వెయ్యలేదా?"

"వేసింది. కానీ అది సరుకు దగ్గు కాదు కదా వదినా, జలుబు దగ్గు. మా ఇంట్లో మీ చెల్లెలూ అచ్చం ఇలాగే దగ్గుతుంది."

యార్డు నిండా అన్ని చెవులున్నాయి. అన్నిటికీ ధర వినిపించింది. ఈ మందమతి చెవికి తను వినిపించింది. ఇన్నేళ్లు ఈ మనిషిని ఎన్నేసి మాటలంది. మైకక్కకు ఏడుపొచ్చింది, ఏడ్చేసింది. అందులో సిగ్గు కొంత, ఒడ్డున పడ్డామన్న నిశ్చింతే చాలా ఎక్కువ.

"ఇద్దరు మాత్రం పోసేశారు, పాపం," అన్నాడతను.

"నీళ్లు తాగి కిందికొస్తా. వాళ్లు ఎంత తిడితే అంత పడతా. ముందు ఆ నీళ్లు పొయ్యి."

చెంబు మూత తియ్యాలంటే చెయ్యి ఖాళీ లేదు. గింజ పారబొయ్యడానికి మనసొప్పని మనిషి.

"కాస్త ఇవి పట్టుకోండి వదినా," అని గుప్పిట ఆమె అరచేతిలో విప్పాడు. నల్లటి గింజలు, చెమటకు తడిసి వెచ్చగా ఉన్నాయి.

"ఇక్కడి పద్ధతి తెలుసుగా," అంది మైకక్క ముక్కు తుడుచుకుంటూ. "నా చేతిలో పోశావు. బేరం కుదిరిపోయింది."

అతను నిదానంగా ఆలోచించాడు. "ఏ ధరకు?"

"ఇప్పుడు మైకులో రెండుసార్లు చదివానే, ఆ ధరకు. పైసా తక్కువకు అడిగితే ఆ లావుపాటాయన్ని నా దగ్గరికి పంపు."

అతను నవ్వి, గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాడు. తెచ్చిన మనిషి నడకకు అవి ఎప్పుడో చల్లారిపోయాయి. మైకక్క గింజల గుప్పిట విప్పకుండానే రెండో చేత్తో గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. ఇంకో గ్లాసు పొయ్యమంది.