గ్రిజెల్ ఇంటి పిండిపెట్టె

మా వరస ఇళ్ళలో చివరిది గ్రిజెల్ పర్విస్‌ది. ఆమె మొగుడు గావిన్ ఆసామి దగ్గర గుర్రాల నాగలి తోలేవాడు. మా బెర్విక్ పొలాల్లో నాగలి తోలే ప్రతి మగవాడూ తన తరఫున పొలం పనికి ఒక ఆడకూలీని కూడా పెట్టాలి. గ్రిజెల్‌కు చంటిపిల్ల ఉండటంతో ఎఫీ అనే అమ్మాయిని తెచ్చి పెట్టుకున్నారు. తిండీ పడకా వాళ్ళ ఒంటిగది ఇంట్లోనే.

ఆ చలికాలం పెట్టెలో ఓట్స్ పిండి ఉండాల్సినదానికన్నా త్వరగా తరుగుతోందని గ్రిజెల్‌కు అనుమానం పుట్టింది. ఒక సాయంత్రం పిండి మీద అరచెయ్యి అచ్చు వేసి మూత పెట్టింది. మర్నాడు చూస్తే అచ్చు లేదు. జావ తాగుతున్న ఎఫీ ఎదుట నిలబడింది.

"రెండు గిన్నెలు తాగాక కూడా చాలట్లేదా నీకు?"

"నేను ముట్టలేదక్కా."

"మరి పిండికి కాళ్ళొచ్చాయా?"

గావిన్ తల దించుకుని తింటూనే ఉన్నాడు. ఎఫీ ఆ పూటే మూట కట్టుకుంది.

కూలీ లేకపోతే గావిన్ పని పోతుంది. అందుకని గ్రిజెలే టర్నిప్ దుంపలు తవ్వడానికి పొలానికి దిగింది. పక్కింటిదాన్ని నేను, వాళ్ళింట్లో ఉండి చంటిదాన్ని చూసుకునేదాన్ని. నాలుగు రోజులకు దాన్ని నా ఒళ్ళో పెట్టి, "మీ ఇంట్లోనే ఉంచుకో వదినా, మా ఇంటికి తీసుకెళ్ళకు" అంది. పిండి ఇంకా తరుగుతోందని, ఇప్పుడు అనుమానం నా మీదకు మళ్ళిందని అప్పుడర్థమైంది. మర్నాడు మాటల మధ్య నా కుండల్లోకి తొంగి చూసింది కూడా. నాకు ఒళ్ళు మండింది, కానీ బిడ్డను చూసి ఊరుకున్నాను.

వారం తర్వాత మధ్యాహ్నం, గ్రిజెల్ మొగుడికి రొట్టె ఇద్దామని గుర్రాలసాలకు వెళ్ళింది. అక్కడ గావిన్ ముసలి గుర్రానికి కుండలోంచి ఏదో తినిపిస్తున్నాడు. దాని మూతి నిండా తెల్లటి పిండి ముద్ద.

"దీనికి పళ్ళు అరిగిపోయాయే, గింజ నమల్లేదు. చిక్కిపోతే ఆసామి తోలుకి అమ్మేస్తాడు" అన్నాడు గావిన్.

"నేను ఆ పిల్లను తరుముతుంటే నోరు పెగల్లేదేం?"

"చెబుదామనే అనుకున్నా."

ఆదివారం గ్రిజెల్ ఆరు మైళ్ళు నడిచి, ఎఫీ చేరిన కొత్త పొలానికి వెళ్ళి, తప్పు తనదేనని చెప్పింది. ఎఫీ కూర్చోమనలేదు.

"నేను దొంగను కానని నాకు తెలుసక్కా. అది మీ వరసలో వాళ్ళకు చెప్పు."

తిరిగొచ్చి ఇల్లిల్లూ తలుపు తట్టి జరిగింది చెప్పింది. నా గుమ్మంలో నిలబడి, "నిన్ను కూడా అనుమానించాను వదినా" అంది. "తెలుసు" అన్నాను. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

మే నెలలో ఏడాది ఒప్పందం తీరగానే వాళ్ళు సామాను బండికెత్తి వేరే ఊరి పొలానికి మారిపోయారు. గ్రిజెల్ బిడ్డతో ముందు కూర్చుంది. గావిన్ వెనక నడిచాడు. వంతెన దాటేవరకు చూశాను.