రెండు వేళ్ల సందు

నేను ప్రైవేటు బస్సు నడిపే రోజుల్లో మా కండక్టరుకొక అలవాటుండేది. అద్దం కనబడితే చాలు, పళ్ల మధ్య వేళ్లు పెట్టి నోరెంత తెరుచుకుంటుందో కొలుచుకునేవాడు. మొదట రెండు వేళ్లు పట్టేవి. తర్వాత ఒకటే. దానికి కారణం నేనే: శ్రీకాళహస్తి దారిలో గేదె అడ్డొచ్చి నేను వేసిన బ్రేకుకు అతని దవడ కమ్మీకి కొట్టుకుంది. అప్పటినుంచీ వాళ్లావిడ నన్ను పలకరించడం మానేసింది.

నేనే అతణ్ని తిరుపతికి తీసుకుపోతే, డాక్టరు ఎక్స్‌రే చూశాడు. "దెబ్బ తగిలిన కండలో ఎముక పెరిగింది. గట్టిగా మర్దన చేశారా?"

రోజూ ఆముదం కాచి పిసికింది ఆవిడే.

"అదే చెరుపు చేసింది. ఇక ఆపరేషనే," అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. తప్పంతా నా బ్రేకుది కాదని ఆవిడకు ఎప్పుడెప్పుడు చెబుదామా అని ఒకటే ఆత్రం. రేణిగుంట దాటేదాకా ఆ మాట నాలుక మీదే తిరిగింది. అతను కనిపెట్టాడు. బిగిసిన పళ్ల మధ్య నుంచే అన్నాడు:

"చెప్పబాకప్పా. తెలిస్తే మళ్లా ఆ చేత్తో మా సంటిబిడ్డను గూడా తాకదు."

వాళ్లింటికి పోయేసరికి ఆవిడ ఆముదం గిన్నెతో ఎదురొచ్చింది. అతను గిన్నె పక్కన పెట్టించి, ఆమె అరచేతిని చెంపకు ఆనించుకున్నాడు. "ఇంక రుద్దే పని లేదులే. ఆపరేషన్ చేస్తారంట."

"ఎందుకట్లయిందంట?" ఆవిడ అన్నాళ్ల తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

అతని వేలు పళ్ల మధ్యకు పోయింది.

"నా బ్రేకు వల్లేనమ్మా," అన్నాను.