డెమోలో చెప్పని ఎత్తు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటి మూడు రోజులూ ఉచితం. దాన్ని డెమో అనేవారు. నాలాంటి ఎస్.ఆర్. నగర్ హాస్టల్ జీవులు డెమోల మీదే బతికేవాళ్లం. నాలుగో రోజుకి ఇంకో ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కేవాళ్లం. (అలా నాకు ప్రతి కంప్యూటర్ భాషలోనూ మొదటి పాఠం కంఠతా వచ్చు. రెండో పాఠం ఏ భాషలోనూ రాదు.) అప్పుడే పంజగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు చదరంగం పోటీ పెట్టి, గెలిచినవాళ్లను నేరుగా ఇంటర్వ్యూకి పిలుస్తామన్నారు. నాకది ఆఖరి ఆశ. అదీ పోతే తణుకులో మామయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి.

మధురానగర్‌లో ఒక సారు చెస్ నేర్పుతున్నారంటే డెమోకి వెళ్లాను. ఆయన చెప్పిన దాడి నాకు తెగ నచ్చింది. ముందు ఒక బంటుని ఎర వేయాలి, తర్వాత గుర్రాన్నే తినమని వదిలేయాలి, ఆ వెంటనే మంత్రిని దూకించాలి. ఇక ఎదుటి రాజు పని అయిపోయినట్టేనట. ఎలా అయిపోతుందో మాత్రం రెగ్యులర్ బ్యాచ్‌లో చెబుతారట. నాకు ఆ అవసరం రాలేదు. పోటీలో గుర్రాన్ని ఊరికే ఇచ్చేసరికి ఎదుటివాళ్లు కంగారుపడి తప్పులు చేశారు, నేను ఫైనల్‌కి చేరిపోయాను.

ఫైనల్లో యూసుఫ్‌గూడ నుంచి వచ్చిన పొడుగాటి అబ్బాయి. బంటుని టక్కున తిన్నాడు, గుర్రాన్నీ టక్కున తిన్నాడు. నేను మంత్రిని దూకించి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. అతను చాలాసేపు ఆలోచించి ఏదో బంటు జరిపాడు. ఆ తర్వాతి ఎత్తేమిటో తెలియక ఈసారి నేను ఆగిపోయాను.

అతను ముందుకి వంగి, "మధురానగర్ సారు దగ్గర నేర్చినవా అన్నా?" అని గుసగుసలాడాడు.

"అవునండీ. మీరు?"

"నేను సుత. డెమోకే పోయిన. గుర్రం తినేదాంక చెప్పిండు, గంతే."

"నేనూ డెమోకేనండీ," అనేశాను, తోడు దొరికిన సంబరంలో.

పర్యవేక్షకుడు మాటలొద్దని కసిరాడు. అప్పటికే ఆలస్యమైంది. నా దాడి వెనక ఏమీ లేదని తెలిశాక అతనికి భయం పోయింది. తాపీగా మంత్రికి మంత్రినిచ్చేసి, అదనంగా ఉన్న గుర్రంతో గెలిచేశాడు. చేయి కలుపుతూ, "జర ఏమనుకోకు అన్నా," అన్నాడు. బయటికొచ్చాక నాకు ఏడుపొచ్చింది.

ఆ నెలాఖరుకి తణుకు బస్సెక్కాను. ఇప్పుడా కొట్టు నాదే, బాగానే నడుస్తోంది. ఒక బస్తా ఎక్కువ దింపించాలన్నా రెండు రోజులు తటపటాయిస్తాను. అలాంటప్పుడు, తర్వాతి ఎత్తేమిటో తెలియకుండానే గుర్రాన్ని వదిలేసి ధీమాగా కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. వాడంటే కాస్త అసూయ కూడా.