నేను చూపించని వేలు

ప్రభువు పరిశుద్ధ నామంలో మీకందరికీ నా వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, మూడేళ్ళ కిందట మా అమ్మ పెట్టిన కృతజ్ఞతా కూడికలో ఇదే మైకు పట్టుకుని, వానలో పడిపోబోయిన విమానాన్ని దేవుడు నా చేతితో నిలబెట్టాడని నేను సాక్ష్యం చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు, అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఆ తర్వాత అందరం కలిసి భోజనాలు చేశాం. ఆ సాక్ష్యం అబద్ధం. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ ఆదివారం రాజాం వచ్చాను, దయచేసి చివరిదాకా వినండి.

అప్పట్లో నేను రెండు పంకాల చిన్న విమానంలో కో-పైలట్‌ని. మబ్బులో రన్‌వే కనబడకుండా దిగాల్సి వస్తే నేల మీది నుంచి ఒక రేడియో కిరణం వాలుగా పైకి వస్తుంది, ఆటోపైలట్ దాన్ని పట్టుకుని కిందికి దిగుతుంది. అయితే ఆ అసలు కిరణానికి పైన దొంగ కిరణాలు కూడా ఉంటాయి. విమానం ఉండాల్సినదానికంటే ఎత్తులో ఉంటే ఆటోపైలట్ దొంగదాన్ని పట్టుకోవచ్చు, దానికి తేడా తెలియదు. రన్‌వేకి ఎంత దూరంలో ఎంత ఎత్తు ఉండాలో మా దగ్గర ఉండే కాగితంలో రాసి ఉంటుంది. నడిపే పైలట్ పక్కన కూర్చున్న రెండో మనిషి దాన్ని పోల్చి చూసి, తేడా వస్తే గట్టిగా చెప్పాలి. ఆ రెండో మనిషికి అంతకంటే పెద్ద పని లేదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది వానాకాలంలో, ఒక మధ్యాహ్నం, నడుపుతున్నది కెప్టెన్ సింహాచలం గారు, చూడాల్సిన రెండో మనిషిని నేను. ఆయన పాతపట్నం వైపు రైతు బిడ్డ, అరవై రెండేళ్ళ మనిషి. డ్యూటీలో అంతా ఇంగ్లీషే గానీ విమానం దిగితే చాలు మన మాట మాట్లాడేవారు. "ఒరే తమ్ముడూ, ఆ మెషిను మంచిదే గానీ దానికి బుర్ర నేదురా, నువ్వు మాత్రం సూపు తియ్యకు" అని ఎన్నిసార్లు చెప్పారో! నేను సరే సార్ అనేవాణ్ణి.

ఈ సంఘంలో చిన్నప్పుడు కంఠత వాక్యాల పోటీ పెడితే ప్రతి ఏడాదీ మొదటి బహుమతి నాదే, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అర్థం తెలిసినా తెలియకపోయినా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి, మీరు భుజం తట్టేవారు, నేను పొంగిపోయేవాణ్ణి. అదే రోగం విమానం దాకా వచ్చింది. చెప్పాల్సిన మాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి కళ్ళు చూడకముందే నోరు అనేసేది, ఆరేళ్ళలో ఆటోపైలట్ ఒక్కసారీ తప్పలేదు గనక నా చిలక పలుకులు కూడా ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు ముందు ఇంకో విమానం ఉందని మమ్మల్ని ఎత్తులోనే ఆపి ఆలస్యంగా దిగమన్నారు. కిరణం దొరికినట్టు తెర మీద అక్షరాలు మారగానే "గ్లైడ్‌స్లోప్ క్యాప్చర్డ్" అని హుషారుగా పలికాను, ఎత్తు చూడలేదు, కాగితం చూడలేదు. అది దొంగ కిరణం, అందులో పైకీ కిందికీ తారుమారు! ఉన్నట్టుండి విమానం ముక్కు పైకి లేచింది, వేగం పడిపోయింది, ఇక పడిపోతుందన్న హెచ్చరికగా కంట్రోల్ కర్ర గడగడా వణికింది, నేను కొయ్యబారిపోయాను సహోదరులారా, చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. ఆటోపైలట్ తీసేసింది ఆయన, ముక్కు కిందికి నెట్టి, పవర్ ఇచ్చి, మళ్ళీ పైకి తీసుకెళ్ళి రెండోసారి క్షేమంగా దింపింది ఆయన. అప్పటికింకా సీట్లో కూర్చోకుండా నిలబడే ఉన్న ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి పడిపోయి మణికట్టు విరిగింది.

తర్వాత విచారణ జరిగింది. ఎత్తు ఎక్కువ ఉందని నువ్వెందుకు చెప్పలేదని అడిగారు. మా మాటలు రికార్డు చేసే పెట్టె ఉంటుంది, అందులో నేను హెచ్చరించిన మాట లేదు. ఉద్యోగం పోతుందన్న భయంతో, "నోటితో చెప్పలేదు సార్, ఆ అంకె మీద వేలు పెట్టి చూపించాను, కెప్టెన్ గారు పట్టించుకోలేదు" అన్నాను. వేలిని రికార్డు చేసే పెట్టె లేదని నాకు తెలుసు. సింహాచలం గారు నా వైపు చూసి, "కుర్రాడు అబద్ధమాడేవాడు కాదు. చూపించే ఉంటాడు, నేనే చూసుకోలేదేమో" అన్నారు. ఆ మాటకి అక్కడే ఆయన కాళ్ళ మీద పడాల్సింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆయన్ని ఆరు నెలలు పక్కన పెట్టారు. తిరిగి రమ్మన్నప్పుడు ఆయనే మానేశారని విన్నాను, ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. నేను మాత్రం ఇక్కడికొచ్చి ఆయన చేసినదంతా నేను చేసినట్టు చెప్పుకున్నాను, చాలదన్నట్టు దేవుణ్ణి కూడా అందులోకి లాగాను! ఆ తర్వాత కెప్టెన్‌ని కూడా అయ్యాను. కానీ ప్రార్థనకి మోకరిస్తే నోరు పెగిలేది కాదు.

పోయిన నెల సెలవుకి వచ్చాను. పొద్దున్నే వంటింట్లో అమ్మ ప్రార్థన వినబడింది: "తండ్రీ, నా కొడుకు సేతిని వాడుకుని అంతమందిని కాపాడినావు, ఆ సేతిని ఇడవకు తండ్రీ." మూడేళ్ళుగా రోజూ ఆమె చేస్తున్న ప్రార్థన అది. ఇక నా వల్ల కాలేదు, అక్కడే గచ్చు మీద కూలబడి, "ప్రభువా, ఆ చేయి నాది కాదు, ఆయనది! నేను అబద్ధికుణ్ణి!" అని ఏడ్చి, జరిగిందంతా అమ్మకి చెప్పాను.

అమ్మ గరిటె పక్కన పెట్టి, "అయితే మూడేళ్ళ నుంచీ నాను దేవుడికి అబద్ధం సెప్తన్నానా?" అంది.  తర్వాత పొయ్యి ఆపేసి, "లే. ముందు ఆ కెప్టెన్ బాబు కాడికి ఎల్లు, గుడికి తరవాతొద్దువు" అంది.

ఆ రోజే ఉన్నదున్నట్టు కంపెనీకి ఉత్తరం రాశాను. నన్ను కెప్టెన్ సీటు నుంచి దింపారు, అది న్యాయమే. తర్వాత పాతపట్నం వెళ్ళి సింహాచలం గారి అరుగు మీద నిలబడే అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఒరే, ఆ ఏలు నాకెందుకు గుర్తు రాదురా అని ఎన్ని దినాలు కొట్టుకున్నానో నీకు తెల్దు. ముసలోణ్ణయిపోనాను, కళ్ళూ మతీ పోతన్నాయి, ఇలగైతే జనాన్ని సంపేస్తానని బయపడి మానేసినాను. అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అన్నారు. నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగారు. "సెమించడం మీ దేవుడికి అలవాటేమో, నాకు కొంత టైము పడతాది" అన్నారు.

మన దేశంలో అరవై ఐదు దాటితే ప్రయాణికుల విమానం నడపనివ్వరు. ఆయనకి మొన్న వేసవిలో దాటింది.

అబద్ధం నుంచి నన్ను విడిపించిన దేవునికే మహిమ! ఇప్పుడు నా నోరు ప్రార్థనకి తెరుచుకుంటోంది, ఆయన నన్ను క్షమించాడని నమ్ముతున్నాను. కానీ సింహాచలం గారు పోగొట్టుకున్న మూడేళ్ళు నా ప్రార్థనతో తిరిగి రావు. మీరు నాకోసం కాదు, ఆయన కోసం ప్రార్థించండి. ఇక్కడ కూర్చున్నవారిలో ఎవరైనా ఒక మనిషికి నిజం బాకీపడి ఉంటే, యేసయ్యని నమ్మి లేవండి, ఆయన తోసివేయడు, నన్నే తోసివేయలేదు. కానీ ఈ రోజే వెళ్ళండి. మన ప్రభువు ఎన్నేళ్ళయినా ఎదురు చూస్తాడు సహోదరులారా, మనం అన్యాయం చేసిన మనిషికి మాత్రం వయసైపోతుంది. ఆమేన్.