కర్ర చివర ఫోను

అశ్వారావుపేట అవతల, అడవి అంచున ఉన్న తండాలో కమ్లి నోటికి జడవని వాళ్లు లేరు. పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలీలకు ఆమె మేస్త్రి. ఏ రైతు తోట ఎప్పుడు కోయాలో ఫోనులోనే తెలియాలి. ఆ తండాలో సిగ్నలుకేమో నేల మీదికి దిగే అలవాటే లేదు. అందుకని అందరిదీ ఒకటే పద్ధతి. చెప్పాల్సిన మాట ఫోనులో రికార్డు చేసి, గుడ్డసంచిలో వేసి, గెలలు కోసే పొడవాటి కర్ర చివర కట్టి నిలబెడతారు. కాసేపటికి మాట పోతుంది, జవాబు వస్తుంది.

మొన్న వానాకాలం ఈదురుగాలికి గోడకు ఆనించిన కర్ర పడింది. కమ్లి కొత్త ఫోను పగిలింది. కొన్ననాడే బీమా చేయించింది కాబట్టి ఆమె పెద్దగా కంగారు పడలేదు. కింద పడి పగిలినా కొత్తది ఇస్తామని షాపువాడు పళ్లన్నీ బయటపెట్టి మరీ చెప్పాడు.

తీరా అడిగితే, బీమా కంపెనీవాళ్లు ఇచ్చేది లేదన్నారు. "ఫోనును గమనించకుండా వదిలేశారు" అని కారణం పంపారు. ఫోనును పసిపిల్లలా చంకన వేసుకుని తిరగాలని కాబోలు ఆ మహానుభావుల కోరిక. ఈలోగా రైతుల పిలుపులు పక్క ఊరి మేస్త్రి తిరుపతికి పోసాగాయి. ఈ కోతలు అతని చేతికి పోతే కమ్లి కూలీలు కూడా అతని వెంటే పోతారు. ఇన్నేళ్ల మేస్త్రిరికం అంతటితో సరి. ఆమెకు కడుపు మండింది. ఖమ్మం బస్సెక్కి, కంపెనీ ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా తండకొచ్చి చూసిపోండ్రి. గప్పటిదాక నేను లేవ."

సాయంత్రం ఆఫీసుకు తాళం వేసుకునే దారి లేక, మనిషిని పంపుతామని ఒప్పుకున్నారు.

వచ్చిన ఆఫీసరు ఇస్త్రీ నలగకుండా బైకు దిగి, కర్రను చూసి పెదవి విరిచాడు.

"ఇంత విలువైన వస్తువును కర్రకు వేలాడదీస్తారా అమ్మా? ఇది నిర్లక్ష్యమే."

అదే మాట తన ఫోనులో రిపోర్టుగా రాశాడు. పంపబోతే పోలేదు. చెయ్యెత్తాడు, అరుగెక్కాడు, చివరికి బైకు సీటు మీద కూడా నిలబడ్డాడు. కమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ విన్యాసమంతా తీరిగ్గా చూసింది.

"ఇక్కడ సిగ్నల్ ఎక్కడొస్తుందమ్మా?"

కమ్లి గుడ్డసంచి తెచ్చి చేతికిచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి, ఫోను అందులో వేసి, కర్రకు కట్టి నిలబెట్టాడు. అంతలో అడవి వైపు నుంచి గాలి లేచింది. కర్ర ఊగింది. ఆఫీసరు పరుగున వెళ్లి రెండు చేతులా దాన్ని కావలించుకున్నాడు. ఇస్త్రీ చొక్కాకు కర్ర జిడ్డంతా అంటింది.

"ఏంది సారూ, గంత విలువైనదాన్ని గట్ల కట్టిండ్రు? నిర్లక్ష్యం కాదా?"

ఆయన కర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

గాలి ఆగాక దించి చూస్తే రిపోర్టు ఇంకా పోనేలేదు. ఆయన తలెత్తకుండా రాసిందంతా చెరిపేసి, గాలికి పడి పగిలిందని కొత్తగా రాశాడు. కమ్లి దగ్గరుండి చదివించుకుంది. ఫోను మళ్లీ సంచిలోకి, కర్ర చివరికి ఎక్కింది.

ఈసారి కర్రను కమ్లి పట్టుకుంది.