అన్నానికి పేచీ పెట్టే పిల్ల ఉన్న ఇల్లు కావాలి

మా తమ్ముడి పెళ్లికి వరంగల్ వెళ్లాలి. ఎనిమిది రోజులు. సంగారెడ్డిలో మేము కాపురం పెట్టిన రెండో ఏడు అది. పెట్టెలు సర్దడం నాకు గంట పని. కుక్కను ఎక్కడ ఉంచాలన్నది తేలడానికి మాత్రం పది రోజులు పట్టింది.

గొప్ప జాతి కుక్కేమీ కాదు. ఒక వానలో మా అరుగెక్కి మళ్లీ దిగనంది, అంతే. కానీ దానికో రోగం ఉండేది. అది నేను అంటించిందే. ఏడాదిన్నర వయసున్న మా బాబు అన్నం చూస్తే నోరు బిగించేవాడు. ఒకరోజు విసుగొచ్చి వాడి ముద్ద కుక్కకు వేశాను. వాడు దాని నోటి వంక చూసి తన నోరు కూడా తెరిచాడు. అప్పటినుంచి వాడికో ముద్ద, దానికో ముద్ద. కొన్నాళ్లకు కుక్క కూడా ముదిరింది. గిన్నెలో పెడితే వాసనైనా చూసేది కాదు. ఎదురుగా పిల్లవాడుండాలి, వాడు మారాం చెయ్యాలి, నేను బతిమిలాడాలి. వాడు జ్వరమొచ్చి మూడు రోజులు జావ తాగి పడుకుంటే, ఇది మూడు రోజులూ పస్తులుంది. నాలుగో రోజు లేవలేక పడుకునే తోక ఆడించింది. ఇక ఎనిమిది రోజులంటే బతకదని నా భయం.

"వెంట తీసుకుపోదాం" అన్నాను.

మావారు తహసీల్ కచేరీలో గుమాస్తా. అత్తవారింటికి ఇస్త్రీ షేర్వాణీ లేకుండా కదలని మనిషి. "అల్లుడొచ్చిండు, కుక్కను పట్టుకొచ్చిండు అంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నారు.

పటాన్‌చెరులో ఒక దొర గడీలో వేటకుక్కలున్నాయనీ, వాటిని చూసే మనిషి పరాయి కుక్కలను కూడా ఉంచుకుంటాడనీ ఎవరో చెబితే, బస్సెక్కి చూడబోయాను. శుభ్రంగానే ఉంది. ఒక్కో కుక్కకు ఒక గొలుసు, ఒక మట్టి చిప్ప.

"బతిమిలాడి తినిపిస్తారా?" అని అడిగాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కుక్కను బతిలాడుడేందమ్మా? తింటె తింటది. తినకుంటె పక్కది తింటది."

పక్కది నన్ను చూసి మూతి నాక్కుంది.

తిరుగు బస్సులో నాకు తెలివొచ్చింది. నేను వెతకాల్సింది కుక్కలను సాకే ఇల్లు కాదు, అన్నానికి పేచీ పెట్టే పిల్ల ఉన్న ఇల్లు. మర్నాటి నుంచి అన్నాల వేళకు బాబును చంకనేసుకుని, కుక్కను వెంటబెట్టుకుని వీధులన్నీ తిరిగాను. బీఏ చదివినదాన్ని, ఊళ్లో వాళ్ల గోడలకు చెవులానించి నిలబడ్డాను.

మిషన్ బడి టీచరమ్మ ఇంట్లో ముగ్గురు పిల్లలని ఆశపడ్డాను. ముగ్గురూ కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు, కళ్లు తెరిచి కంచాలు ఖాళీ చేశారు. వంకాయ తొడిమలు కూడా మిగల్లేదు. మా కుక్క బిత్తరపోయి నా కాళ్ల వెనక్కి చేరింది.

"మా ఇంట్ల పేచీలు నడ్వయక్కా" అన్నది టీచరమ్మ. "ఒకడు పేచీ పెడితె వాని ముద్ద పక్కోడు తింటడు."

అచ్చం గడీ పద్ధతే.

నాలుగో రోజు బస్సుల అడ్డా వెనక, దర్జీ ఇంటి ముందు ఆగిపోయాను. లోపల ఒక పిల్ల ఏడుపు, ఒక ముసలమ్మ గొంతు. "తిను బేటా, ఒక్కటే. గీ ఒక్కటి తింటె ఇగ అడగ." అడగనన్నాక మళ్లీ అడుగుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

దర్జీ తల్లి నా గోడు మొత్తం విన్నది. "ఇంట్ల నమాజు చేస్కుంటం బేటీ. కుక్క లోపటికి రావద్దు" అన్నది. నా మొహం వాడిపోవడం చూసి నవ్వింది. "పరేషాన్ గాకు. కుక్క లోపటికి రాదు. మా పిల్లనే బయటికొస్తది."

అప్పటికప్పుడే మనవరాలిని వాకిట్లో పీట మీద కూర్చోబెట్టింది. పిల్ల మొహం తిప్పుకుంది. ఎదురుగా కుక్క కూడా మొహం తిప్పుకుంది. "దొందు దొందే" అంటూ ముసలమ్మ ఒక ముద్ద కుక్క ముందుకు విసిరింది. కుక్క తిన్నది. పిల్ల నోరు తెరిచింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అయినా ధైర్యం చాలక, మా పుట్టింటి చిరునామా రాసిన కార్డులు నాలుగు దర్జీ చేతిలో పెట్టాను. తిన్నదీ లేనిదీ ఒక ముక్క రాయమన్నాను.

"కుక్క ఖైరియత్ రాసుడు జిందగీల ఇదే మొదలు" అన్నాడతను.

వరంగల్ చేరిన పూట బాబుకు పప్పన్నం కలిపి కూర్చున్నాను. వాడు నోరు బిగించి నా వెనక్కి చూశాడు, మంచం కిందికి చూశాడు. అప్పుడు గాని నాకు తట్టలేదు. కుక్క ఎట్లా తింటుందని పది రోజులు ఊరంతా తిరిగినదాన్ని, పిల్లవాడు ఎట్లా తింటాడని ఒక్క క్షణం ఆలోచించలేదు.

రెండు రోజులు పాల మీదే గడిచాయి. మా వాళ్లు పక్కింటి మేకను తెచ్చారు. అది విస్తరితో సహా తినేసింది. బాబు ఇంకా ఏడ్చాడు.

మూడో రోజు మావారు తలుపు దగ్గరగా వేసి, షేర్వాణీ విప్పి, చాప మీద వాడికి ఎదురుగా కూర్చున్నారు. "పెట్టు" అన్నారు నేల చూపులతో. బాబు అనుమానంగా చూశాడు. ఆయన రెండు చేతులూ నేలకానించారు. పెద్దవాళ్లున్న ఇంట్లో మొగుడి పక్కన కూర్చోవడమే తప్పు, నేను ఆయన నోట్లో ముద్ద పెట్టాను. బాబు నోరు తెరిచాడు.

ఏడో ముద్దకు మా మేనత్త తలుపు తోసింది. "ఓ వదినా, జెర ఇటు రా" అని వెనక్కి తిరిగి పిలిచింది. "మీ అల్లునికి చేతులు పడిపోయినట్టున్నయి."

పెళ్లి పందిట్లో వాళ్లంతా వచ్చి నిలబడ్డారు. ఆయన లేవబోయారు. బాబు నోరు మూశాడు. ఆయన మళ్లీ కూర్చున్నారు.

అప్పుడే మా బాపు కార్డు పట్టుకుని వచ్చాడు. ఉర్దూలో ఉంది. అందరూ వినేలా అర్థం చెబుతూ చదివాడు. "మీ కుక్క రెండు పూటలా తింటున్నది. మా పిల్ల గూడ తింటున్నది. మరి అక్కడ మీ బాబు ముందట ఎవర్ని కూసోబెడుతున్నరని మా అమ్మ అడుగుతున్నది."

బాపు కళ్లద్దాల మీదుగా అల్లుడి వంక చూశాడు.

మావారు నోట్లో ఉన్నది నమిలి మింగారు. "ఇంకోటి పెట్టు" అన్నారు నాతో. "వాడు చూస్తున్నడు."